గాల్‌బ్లాడర్‌లో రాయి: వదిలేయాలా, తీయించాలా, పరుగెత్తాలా?

కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ ఎవరికైనా స్కానింగులో గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలిందంటే, సాయంత్రానికల్లా రెండు రకాల సలహాలు ఇంటికొచ్చేస్తాయి. పరగడుపున అరటి దూట రసం తాగు, కొండపిండాకు పప్పులో వేసుకో, నీళ్లు బాగా తాగితే అదే కరిగి పడిపోతుంది అని ఒక వర్గం. ఆలస్యం చేస్తే క్యాన్సర్ అవుతుంది, రేపే వెళ్లి తీయించెయ్ అని ఇంకో వర్గం. మొదటివాళ్లు చెబుతున్నది కిడ్నీ రాయికి చేసుకునే ఇంటి వైద్యం. మనం తాగిన నీళ్లు కిడ్నీలోంచి వడకట్టుకుని పోతాయి గానీ పిత్తాశయంలోకి, అంటే గాల్‌బ్లాడర్ అనే ఈ తిత్తిలోకి, వెళ్లవు. రెండోవాళ్ల భయానికి కొంత ఆధారం ఉంది, కానీ అది మన ప్రాంతానికి అంతగా వర్తించదు. ఈ ఇద్దరి మధ్యా నలిగిన మనిషి అవసరం లేని ఆపరేషనైనా చేయించుకుంటాడు, అవసరమైన ఆపరేషన్ మానేసైనా కూర్చుంటాడు.

ఈ జబ్బుల్లో వైద్యం మొత్తం రాయి ఇప్పుడు ఎక్కడుంది అన్న దాని మీదే నడుస్తుంది. తిత్తిలో కదలకుండా పడి ఉంటే ఒక లెక్క, తిత్తి మెడలో ఇరుక్కుంటే ఇంకో లెక్క, నాళంలోకి జారితే మూడో లెక్క. అందరూ ముందు అడిగేది సైజెంత, ఎన్నున్నాయి అని. వాటికి మనం అనుకునేంత విలువ లేదు. పైగా నాలుగైదు మిల్లీమీటర్ల రాయే ఒక్కోసారి రెండు సెంటీమీటర్ల రాయి కన్నా ఎక్కువ గొడవ చేస్తుంది. నాళంలోకి జారగలిగేది చిన్నదే కదా.

లోపలి దారులు

కాలేయం రోజుకు సుమారు 600 నుంచి 1000 మి.లీ. పైత్యరసం తయారు చేస్తుంది. నూనె, నెయ్యి, కొవ్వు అరగాలన్నా, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా అది ఉండాలి. అది నడిచే దారి గోదావరి జిల్లాల వాళ్లకు కాలువల లెక్కన చెబితే చప్పున అర్థమవుతుంది. ధవళేశ్వరంలో బయల్దేరే పెద్ద కాలువను కాలేయం నుంచి పేగు దాకా వచ్చే పిత్తనాళం అనుకోండి. దాని పక్కన చిన్న తూముతో కలిసిన చెరువు పిత్తాశయం. కాలువ చివర, పేగులోకి దిగే చోట, ఒక లాకు. ఆ లాకు దగ్గరే క్లోమం నుంచి వచ్చే ఇంకో కాలువ కూడా కలుస్తుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు లాకు మూసి ఉంటుంది, రసం ఎగదన్ని చెరువులో నిలుస్తుంది. భోజనం పడగానే పేగు నుంచి ఒక హార్మోను వెళ్లి తిత్తిని పిండుతుంది, లాకును తెరుస్తుంది.

ఇందులోనే రెండు విషయాలు తేలిపోతున్నాయి. చెరువును పూర్తిగా తీసేసినా కాలువ పారుతూనే ఉంటుంది, అంటే పిత్తాశయం లేకపోయినా తిండి అరుగుతుంది. అదే లాకు దగ్గర అడ్డం పడితే రెండు కాలువలూ ఎగదన్నుతాయి. అందుకే ఒక్క రాయి కామెర్లనూ తేగలదు, ప్రాణాంతకమైన క్లోమం వాపునూ (పాంక్రియాటైటిస్) తేగలదు.

తిత్తి పొడవు ఏడు నుంచి పది సెంటీమీటర్లు, పట్టేది 30 నుంచి 50 మి.లీ. రసం. చేపల బజారులో ఆడవాళ్లు చేప కోస్తున్నప్పుడు చూడండి. కడుపు చీల్చగానే ముందు ఆ ముదురు ఆకుపచ్చ చేదు తిత్తిని రెండు వేళ్లతో పట్టి, చిట్లకుండా లాగి అవతల పడేస్తారు. చిట్లిందా, కూరంతా చేదే. మనకూ ఉన్నది ఆ తిత్తే. అన్నట్టు, షుగరుకూ కీళ్ల నొప్పులకూ మంచిదని శీలావతి, బొచ్చె లాంటి చేపల చేదు పచ్చిగా మింగేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. అందులో ఉండే విషపదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. మింగిన కొద్ది రోజుల్లోనే కిడ్నీలు పని మానేసి డయాలసిస్ దాకా వెళ్లిన కేసులు మన దేశంలో వైద్య పత్రికలకెక్కాయి. దయచేసి ఆ పని చేయకండి.

రాయి ఎలా పుడుతుంది

తిత్తి తనలోకి వచ్చిన రసంలోని నీటిని పీల్చి, ఐదు నుంచి పది రెట్లు చిక్కబరుస్తుంది. ఆ చిక్కదనంలో కొలెస్ట్రాల్ ఎక్కువైనా, తిత్తి సరిగా ముడుచుకోక రసం నిలవున్నా ముందు మడ్డి పేరుకుని, తర్వాత గట్టిపడుతుంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ఈస్ట్రోజెన్ వల్ల రసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువ చేరుతుంది, గర్భంతో ఉన్నప్పుడు తిత్తి బద్ధకిస్తుంది. నలభై దాటడం, లావు, షుగరు, దగ్గరి బంధువుల్లో ఉండటం మిగతా కారణాలు.

ఇక్కడ చాలామందికి తెలియనిది, ఉన్నట్టుండి సన్నబడటం కూడా రాళ్లు పుట్టిస్తుందని. వారానికి కిలోన్నరకు మించి బరువు దిగితే శరీరంలోని కొవ్వు కరిగి, కొలెస్ట్రాల్ రసంలో చేరుతుంది. ఆ డైట్లలో నూనె కూడా దాదాపు మానేస్తే తిత్తిని పిండే పనే ఉండదు. పెళ్లి ముహూర్తం నాటికి ఇరవై కిలోలు తగ్గాలని కూర్చున్న అమ్మాయికి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

ఏజెన్సీ వైపు, రంపచోడవరం, చింతూరు ప్రాంతాల్లో గిరిజన కుటుంబాల సంగతి వేరు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోతాయి. వాటిలోంచి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పేరుకుని నల్ల రాళ్లవుతాయి. కొలెస్ట్రాల్‌తో దీనికి సంబంధం లేదు, పదిహేనేళ్ల పిల్లాడికి కూడా రావచ్చు. చిన్న వయసులో, సన్నగా ఉన్న మనిషికి రాళ్లు కనబడితే రక్తం జబ్బు ఉందేమో చూడాలి.

రిపోర్టు చదవడం

స్కానింగుకు ఆరు గంటలు ఏమీ తినకూడదంటారు. "ఏమీ తిన్లేదండి, టీ తాగానంతే" అని వచ్చేవాళ్లు చాలామంది. పాలు పోసిన టీ చాలు, తిత్తి ముడుచుకుపోతుంది, చిన్న రాళ్లు కనబడవు. ఖాళీ కడుపుతో తీసిన రిపోర్టు మామూలుగా ఇలా ఉంటుంది: "జీబీ వెల్ డిస్టెండెడ్. మల్టిపుల్ క్యాల్క్యులై, లార్జెస్ట్ 9 ఎంఎం. వాల్ థిక్‌నెస్ నార్మల్. సీబీడీ 4 ఎంఎం. నో ఐహెచ్‌బీఆర్‌డీ."

మొదటి ముక్కకు అర్థం తిత్తి నిండుగా ఉంది, చూడటానికి వీలుగా ఉందని. క్యాల్క్యులై అంటే రాళ్లు. ఇంటిల్లిపాదీ ఆ 9 ఎంఎం దగ్గరే ఆగిపోతారు. అసలు చూడాల్సినవి ఆ తర్వాతి మాటలు. తిత్తి గోడ మందం మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు. అంతకు మించి వాచి, చుట్టూ నీరు కూడా ఉందంటే తిత్తికి వాపు వచ్చిందేమో అని అనుమానం. సీబీడీ అంటే పెద్ద నాళం. ఆరు మిల్లీమీటర్ల లోపుంటే సాధారణంగా మంచిదే, వయసు పెరిగే కొద్దీ కాస్త వెడల్పవుతుంది. చివరిది, కాలేయం లోపలి చిన్న నాళాలు ఉబ్బలేదు అని. పై రిపోర్టులోని రాళ్లు తిత్తిలోనే ఉన్నాయి, దారి తెరిచే ఉంది.

ఇలా రాళ్లున్నా ఏ బాధా లేనివాళ్లు నూటికి ఎనభై మంది దాకా ఉంటారు. వేరే దేనికో స్కానింగ్ తీస్తే ఇవి బయటపడతాయి. వాళ్లలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే నొప్పి మొదలవుతుంది. అందుకే బాధ పెట్టని రాళ్లను వదిలేయమనే ప్రపంచమంతటా వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మినహాయింపులున్నాయి: మూడు సెంటీమీటర్లు దాటిన రాయి, గోడ సున్నం పట్టిన తిత్తి, తిత్తి గోడకు మొలిచి పది మిల్లీమీటర్లు దాటిన పిలక (పాలిప్), సికిల్ సెల్ లాంటి రక్తం జబ్బులు. వీళ్లకు ముందే తీసేయడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు.

క్యాన్సర్ భయం సంగతి. గాల్‌బ్లాడర్ క్యాన్సర్ ఉత్తర భారతంలో, ముఖ్యంగా గంగా నది వెంట ఉన్న ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల్లోనూ ఈశాన్యంలోనూ ఎక్కువ. దక్షిణాదిలో చాలా తక్కువ. ఆ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి రాళ్లుంటాయి, నిజమే. రాళ్లున్నవాళ్లలో ఆ క్యాన్సర్ వచ్చేవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. కోనసీమలో ఏ నొప్పీ లేని మనిషికి క్యాన్సర్ పేరు చెప్పి ఆపరేషన్‌కు తొందర పెడితే ఇంకో డాక్టర్ని కూడా అడిగి చూడమంటాను.

అది గ్యాస్ కాదు

పెళ్లి భోజనం, సంక్రాంతి పిండివంటలు, నెయ్యి కారే పూతరేకులు, మడత కాజాలు. ఆ రాత్రి పదకొండు, పన్నెండు మధ్య పొట్ట పైభాగంలో, నడిమధ్యన గానీ కుడి డొక్క కింద గానీ నొప్పి మొదలవుతుంది. అరగంట దాటుతుంది, పెరుగుతుంది, గంటల తరబడి ఒకే స్థాయిలో నిలబడుతుంది. కుడి భుజంలోకో వీపు మధ్యకో పాకుతుంది. ఎటు తిరిగి పడుకున్నా తగ్గదు, వాంతవుతుంది. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు పోతుంది. డాక్టరు అడిగితే "ఆయ్, మూణ్ణెల్లనుంచి గ్యాసేనండి, సోడా తాగితే తగ్గిపోతోందండి" అని సమాధానం. సోడా వల్ల తగ్గలేదు. తిత్తి మెడలో ఇరుక్కున్న రాయి తనంతట తాను వెనక్కి పడిపోయింది, అంతే.

గ్యాస్, త్రేన్పులు, కడుపుబ్బరం, మంట అన్నవి రాళ్లు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకేలా ఉంటాయి. అందుకని ఒట్టి త్రేన్పులకు తిత్తి తీయించుకుంటే తీసేశాక కూడా త్రేన్పులు వస్తూనే ఉంటాయి. ఆపరేషన్‌ తర్వాత "ఏం తేడా లేదు" అనేవాళ్లలో చాలామంది వీళ్లే. పైన చెప్పినట్టు గంటల తరబడి పట్టేసే నొప్పి ఒక్కసారి వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు ఆపరేషన్ మాట వాయిదా వేయకూడదు.

నలభై దాటినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు పొట్ట పైభాగంలో మొదటిసారి గట్టి నొప్పి వస్తే ముందు ఈసీజీ తీయించాలి. గుండెపోటు కూడా అక్కడే నొప్పిగా కనబడుతుంది. గాల్‌బ్లాడరా, గ్యాసా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

నొప్పి ఆరు గంటలు దాటి, జ్వరం తోడై, డొక్క కింద నొక్కి ఊపిరి పీల్చమంటే రోగి చటుక్కున ఊపిరి బిగబట్టాడంటే రాయి ఇంకా మెడలోనే ఉంది, తిత్తి వాచింది. దీన్నే కోలిసిస్టైటిస్ అంటారు. ఒకప్పుడు యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపి, వాపు చల్లారాక ఆరు వారాలకు రమ్మనేవారు. ఇప్పుడు పద్ధతి మారింది. ఆపరేషన్ తట్టుకోగలిగిన మనిషికి మొదటి మూడు రోజుల్లో, కనీసం వారం పది రోజుల్లోపు చేసేయడమే మంచిదని వరస పరిశోధనలు తేల్చాయి. ఆ ఆరు వారాల్లో మళ్లీ నొప్పితో ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లు తక్కువేం లేరు. షుగరు ఉన్న ముసలివాళ్లలో తిత్తి కుళ్లి చిట్లవచ్చు కూడా, అదీ పెద్దగా నొప్పి తెలియకుండానే. మత్తు తట్టుకోలేనంత బలహీనంగా ఉంటే చర్మంలోంచి తిత్తిలోకి గొట్టం వేసి చీము తీసి, ముందు ప్రాణం నిలబెడతారు.

కళ్లు పచ్చబడితే

ఈ వ్యాసంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవమని నేను కోరేది ఈ భాగం. మన దగ్గర కామెర్లు అనగానే అంతా ఒకే జబ్బుగా చూస్తారు, అన్నిటికీ ఒకే పసరు మందు. ఒంట్లో పసుపు పెరగడానికి దారులు మూడు. రక్తకణాలు అతిగా చితికిపోవచ్చు. కాలేయం జబ్బు పడి ఉండవచ్చు. లేదా కాలేయం బాగానే ఉండి రసం దిగే దారి మూసుకుపోవచ్చు. చూసేవాళ్లకు మూడింట్లోనూ పచ్చ కళ్లే.

వరదలు తీసి, ఊళ్లలో మంచినీటి గొట్టాల్లోకి మురుగు చేరినప్పుడు హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు వస్తాయి. అన్నం సహించదు, ముందు జ్వరం, వికారం, తర్వాత పచ్చదనం. నాట్ల కాలంలో మోకాలి లోతు బురదలో పనిచేసేవాళ్లకు ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. దానికి జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబారటం ఎక్కువ. దారి మూసుకుంటే లక్షణాలు వేరు. మలం రంగు పోయి తెల్లబారుతుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది, ఒళ్లంతా దురద. రాయి అయితే నొప్పి కూడా ఉంటుంది. ఒక్క బిలిరుబిన్ నంబరు చూసి ఏ దారో తేల్చలేం. లివర్ ఫంక్షన్ టెస్టులో ఏఎల్‌టీ అనే ఎంజైమ్ వేలల్లో ఉంటే కాలేయం వాపు వైపు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, డైరెక్ట్ బిలిరుబిన్ ఎక్కువగా పెరిగి ఉంటే అడ్డంకి వైపు మొగ్గు. దానికి తోడు స్కానింగులో నాళాలు ఉబ్బి ఉంటే అనుమానం తీరినట్టే.

ఇక పసరు. తెల్లవారకముందే వెళ్లి పరగడుపున తాగడం, మూడు రోజులు ఉప్పూ నూనె లేని చప్పిడి పత్యం, కొన్నిచోట్ల ముంజేతి మీద వాత. ఇది పనిచేస్తుందని జనం నమ్మడానికి కారణం లేకపోలేదు. హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. దానికి డాక్టర్ల దగ్గర కూడా ప్రత్యేకమైన మందేమీ లేదు, విశ్రాంతి, తిండి, కనిపెట్టి చూడటం తప్ప. అంతేకాదు, నాళంలో రాయి కూడా ఒక్కోసారి పైకి తేలి దారి ఇస్తుంది, లేదా పేగులోకి జారిపోతుంది. పచ్చదనం దిగుతుంది. ఆ పేరు పసరుకు పోతుంది. పసరు ఇచ్చే పెద్దాయన మోసగాడని నేననను. నయమైనవాళ్లు కొబ్బరికాయతో తిరిగొచ్చి దణ్ణం పెడతారు, నయం కానివాళ్లు మళ్లీ ఆయన దగ్గరికి రారు. ఆయన లెక్కలో అందరికీ నయమైనట్టే.

నష్టం జరిగేది రాయి కదలనప్పుడు. దారి మూసుకుని నిలిచిన రసంలో క్రిములు పెరిగి నాళాలకు చీము పడుతుంది. నొప్పి, చలితో వణికించే జ్వరం, పచ్చ కళ్లు, ఈ మూడూ కలిస్తే కోలాంజైటిస్ అని 1877లోనే ఫ్రెంచ్ వైద్యుడు షార్కో రాసిపెట్టాడు. వీటికి బీపీ పడిపోవడం, మనిషి తికమకపడటం తోడైతే రక్తమంతా విషమయమవుతోందని అర్థం. ఆ దశలో గంటలే లెక్క. పైగా పైత్యరసం పేగులోకి రాకపోతే కె విటమిన్ ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. అందుకే కామెర్ల రోగికి ఏ కోత పెట్టే ముందైనా ఐఎన్ఆర్ పరీక్ష చేసి, అవసరమైతే కె విటమిన్ ఇంజెక్షన్ వేస్తారు. అలాంటి మనిషికి వాత పెట్టించుకురావడం ఎంత పొరపాటో చెప్పనక్కర్లేదు.

నాళంలో రాయి తీయడం

మామూలు అల్ట్రాసౌండ్ తిత్తిలో రాళ్లను నూటికి 95 పాళ్లకు పైగా పట్టేస్తుంది. నాళం చివరి భాగానికి పేగులోని గాలి అడ్డొస్తుంది కాబట్టి అక్కడి రాళ్లను చాలాసార్లు వదిలేస్తుంది. రిపోర్టులో రాయి లేదని రాసి ఉన్నా నాళం ఉబ్బి, రక్తపరీక్ష అడ్డంకిని చూపిస్తుంటే ఎమ్మార్సీపీ అనే ఎంఆర్ఐ స్కాన్ గానీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ చేయిస్తారు.

తీసే పద్ధతి ఈఆర్‌సీపీ. నోటిలోంచి గొట్టం దింపి, పేగులో నాళం తెరుచుకునే చోటు చేరి, ఆ కండరాన్ని కొద్దిగా కోసి, బుడగతోనో చిన్న వల బుట్టతోనో రాయిని పేగులోకి లాగేస్తారు. పొట్ట మీద కోత ఉండదు. కండరాన్ని ఇలా లోపలి నుంచే కోసే పద్ధతి 1974లో జర్మనీలోనూ జపాన్‌లోనూ మొదలైంది. ఎండోస్కోపీలో ప్రపంచం ఎరిగిన పేరు మన తెలుగువాడు, హైదరాబాద్ ఏఐజీ వ్యవస్థాపకుడు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిది. దీనికో చిక్కుంది: నూటికి మూడు నుంచి పది మందిలో క్లోమం వాపు వస్తుంది. అది తగ్గించడానికి మలద్వారంలో డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ బిళ్ల పెడతారు. ఆ ముప్పు ఉంది కాబట్టే కేవలం చూడటానికి ఈఆర్‌సీపీ చేయరు, తీయడానికే చేస్తారు. ఈ సదుపాయం చిన్న ఊళ్లలో ఉండదు. అమలాపురం, నరసాపురం వైపు వాళ్లు కాకినాడ, రాజమహేంద్రవరం, విజయవాడ లాంటి చోట్లకు వెళ్లాల్సి రావచ్చు. వణుకుడు జ్వరంతో ఉన్న మనిషికి దగ్గరి ఆసుపత్రిలో సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టించి బయల్దేరడం మేలు.

రాయి మొత్తం రాకపోయినా, చీము ఎక్కువగా ఉన్నా నాళంలో ప్లాస్టిక్ స్టెంట్ వేసి పంపిస్తారు. అది శాశ్వతం కాదు. సుమారు మూడు నెలల్లో తీయాలి, లేదా మార్చాలి. నొప్పి పోయింది, కళ్లు తెల్లబడ్డాయి, చేలో పని మొదలైంది, స్టెంట్ సంగతి మరుపున పడింది. ఏడాదికో రెండేళ్లకో అది పూడుకుపోయి, దాని చుట్టూ కొత్త రాళ్లు కట్టి, మళ్లీ చలిజ్వరంతో వస్తారు. డిశ్చార్జ్ కాగితం మీద "స్టెంట్ ఇన్ సిటు" అని ఉంటే తీయించాల్సిన తేదీ క్యాలెండరు మీద రాసి గోడకు తగిలించండి. మరిచిపోయే ఇంకో సంగతి, నాళంలో రాయి తీసినంత మాత్రాన తిత్తి తీసినట్టు కాదు. మిగిలిన రాళ్లు అక్కడే ఉన్నాయి. వీలైతే అదే అడ్మిషన్‌లో, లేదంటే కొద్ది రోజుల్లోనే తిత్తి కూడా తీయించాలి. క్లోమం వాపు స్వల్పంగా వచ్చి తగ్గినవాళ్లకూ ఇదే మాట.

ఆపరేషన్, మందులు, యూట్యూబ్

రాళ్లు మాత్రం తీసి తిత్తి ఉంచేయకూడదా అని అందరికీ వచ్చే సందేహం. ఉంచితే మళ్లీ పుడతాయి, ఎందుకంటే పుట్టించే గుణం తిత్తిది. తిత్తినే తీసేయడం 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ మొదలుపెట్టాడు. 1985లో ఎరిక్ మ్యూహె అనే జర్మన్ సర్జన్ లాపరోస్కోపీతో తీస్తే తోటి సర్జన్లు మొదట కొట్టిపారేశారు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా మొదటిసారి చేశారు. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో రోజువారీ పని.

బొడ్డు దగ్గర ఒకటి, పైన మూడు చిన్న కోతలు. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించి, తిత్తికి వెళ్లే సన్న నాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి, కత్తిరించి, తిత్తిని బొడ్డులోంచి లాగుతారు. భుజం నొప్పి ఒకటి రెండు రోజులు ఉండేది ఆ గ్యాస్ వల్లే. సర్జన్ నేర్పు అంతా కత్తిరించే ముందు క్షణంలో ఉంటుంది. తిత్తిలోకి వెళ్లేవి రెండే రెండు, వాటి వెనక కాలేయం స్పష్టంగా కనబడుతోంది అని నిర్ధారించుకున్నాకే కత్తెర పెట్టాలి. పెద్ద నాళాన్ని తిత్తి నాళం అనుకుని కోస్తే అది బతుకంతా వెంటాడే గాయం. వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదింట్లో ఇది జరుగుతోంది. అందుకే లోపల అంతా అతుక్కుపోయి కనబడనప్పుడు సర్జన్ పొట్ట తెరిచి చేశారంటే అది చేతకానితనం అనుకోవద్దు. చాలాసార్లు మీ వాళ్ల మంచికే.

ఆపరేషన్ అయ్యాక రాళ్లు చిన్న సీసాలో వేసి ఇంటివాళ్లకు చూపిస్తారు, వచ్చిన చుట్టాలందరికీ అది వారం రోజుల వినోదం. అడగాల్సింది రాళ్లను కాదు, తిత్తిని బయాప్సీకి పంపారా లేదా అని. స్కానింగులో కనబడని క్యాన్సర్ అక్కడే ఒక్కోసారి బయటపడుతుంది. పత్యం విషయానికొస్తే, జీవితాంతం నూనె మానాల్సిన పని లేదు. మొదటి కొన్ని వారాలు వేపుళ్లు తగ్గిస్తే చాలు. కొందరికి విరేచనాలు పలచగా అవుతాయి, చాలామందిలో సర్దుకుంటుంది.

కరిగించే మందు లేదా అంటే, ఉంది. ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్. అది పనిచేసేది సున్నం పట్టని, చిన్న కొలెస్ట్రాల్ రాళ్ల మీదే, అదీ తిత్తి బాగా ముడుచుకుంటున్నప్పుడు. ఆరు నెలల నుంచి రెండేళ్లు మింగాలి. కరిగినవాళ్లలో సగం మందికి ఐదేళ్లలో మళ్లీ వస్తాయి. ఇంత షరతులున్న మందును రాళ్లున్న ప్రతివాళ్లకూ ఏళ్ల తరబడి రాయడం నాకు నచ్చదు. వేగంగా బరువు తగ్గేవాళ్లలో రాళ్లు పుట్టకుండా ఆపడానికి మాత్రం ఇది బాగా ఉపయోగపడుతుంది.

యూట్యూబ్‌లో ఆలివ్ నూనె, నిమ్మరసం తాగి పొద్దున్నే "రాళ్లు" పడ్డాయని చూపించే వీడియోలున్నాయి. ఆకుపచ్చటి మెత్తటి ఉండలు. వాటిని పరీక్షించి 2005లో లాన్సెట్‌లో రాశారు. కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. తాగిన నూనే నిమ్మరసంతో కలిసి పేగులో కట్టిన సబ్బు అది.

ఖర్చు గురించి: రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చేరే ముందే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌కు వెళ్లి, తమ ఆపరేషన్ పథకం కిందికి వస్తుందో లేదో, ఆ ఆసుపత్రికి దానికి అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి. చేరాక అడిగితే ఆలస్యమవుతుంది.

రాయి లేని జబ్బులు

యాభై దాటిన మనిషికి నొప్పేమీ లేకుండా మెల్లగా కళ్లు పచ్చబడి, దురద పెట్టి, బరువు తగ్గుతుంటే రాయి కోసం వెతకడం కన్నా ముందు క్లోమం తల, పిత్తనాళం క్యాన్సర్లను అనుమానించాలి. ఇక్కడ ఒక చిన్న క్రమం ముఖ్యం: స్టెంట్ వేయకముందే సీటీ స్కాన్ తీయాలి. స్టెంట్ పడ్డాక బొమ్మ చెదిరి, ఆపరేషన్‌కు వీలుందో లేదో చెప్పడం కష్టమవుతుంది.

ఈశాన్య థాయ్‌లాండ్‌లో పిత్తనాళ క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ మంచినీటి చేపను పచ్చిగా తినే అలవాటు వల్ల ఒక రకం పురుగు నాళాల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. మన దగ్గర పులసైనా కొర్రమీనైనా పులుసులో ఉడికాకే పళ్లెంలోకి వస్తుంది కాబట్టి చేపలు తినేవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. ఏలికపాములు నాళంలోకి ఎక్కడం మాత్రం మన దేశంలో ఉన్నదే. శరీరం తన నాళాల మీద తానే దాడి చేసే పీబీసీ, పీఎస్‌సీ లాంటి అరుదైన జబ్బులకు లివర్ నిపుణుల దగ్గరే వైద్యం.

చివరగా పసిపిల్లల సంగతి. పుట్టిన బిడ్డకు మొదటి వారంలో పసుపు రావడం మామూలే. బాలింత ఇంట్లో అమ్మమ్మలు పొద్దుటెండలో పడుకోబెడతారు, చాలామందికి రెండు వారాల్లో పోతుంది. రెండు వారాలు దాటినా పోలేదంటే ఎండ చూపిస్తూ కూర్చోవద్దు. బిడ్డ మలం పసుపుగా ఉందా, పాలిపోయి తెల్లగా ఉందా చూడండి. తెల్లగా ఉంటే పుట్టుకతోనే నాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రేషియా కావచ్చు. 1959లో జపాన్‌ సర్జన్ మోరియో కసాయి చెప్పిన ఆపరేషన్‌తో పేగునే కాలేయానికి కలిపి రసానికి దారి చేస్తారు. బిడ్డకు అరవై రోజులు నిండకముందే చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ కాలేయం గట్టిపడిపోయి చివరికి మార్పిడి ఒక్కటే దారి కావచ్చు. మూడో నెల మొక్కు తీర్చుకుని తీసుకొస్తామంటే కుదరదు. పదిహేనో రోజున ఒక చిన్న రక్తపరీక్ష చేయించి, డైరెక్ట్ బిలిరుబిన్ ఒక మిల్లీగ్రాము దాటిందని తేలితే అదే వారంలో పిల్లల సర్జన్ దగ్గర ఉండాలి.